ఆరోగ్య విషయములు: కోసివేసిన మెదడు కంతి మరల నేల మొలచును?

మెదడులో కంతి కలదని వైద్యులు చెప్పిన యింట మొదట వినవచ్చు ప్రశ్న "బ్రతుకునా?" యనునది. శస్త్రచికిత్స జరిగి, రోగి లేచి కూర్చుండి, ఇంటికి వచ్చి, కొన్ని నెలలు గడచిన పిమ్మట ఆ కంతి మరల కనబడినపుడు వినవచ్చు ప్రశ్న వేఱు. "అంతయు తీసివేసితి మనిరే, మరల నెట్లు వచ్చినది?" అని యడుగుదురు. ఈ రెండవ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకని చోట నింద పుట్టును. కొందఱు శస్త్రవైద్యుని చేయి మంచిది కాదందురు. కొందఱు దిష్టి యందురు. తఱచుగా నా నింద, రోగికి వండిపెట్టి, మందు లిచ్చి, రాత్రులు మేలుకొని కాచిన స్త్రీమీదనే పడును. "పథ్యము సరిగా నడపలేదు", "తలకు చన్నీళ్లు పోసినది", "మనస్సునకు కష్టము కలిగించినది" అని చుట్టము లందురు. ఇతరు లనకున్నను ఆమెయే తనలో తా ననుకొని కుములును. ఈ నింద నిరాధారమని చెప్పుటకు నేడు విజ్ఞానశాస్త్రమున గట్టి యాధారము లున్నవి. వానిని ఈ మాసము మా సోదరీమణులకు తెలుపదలచితిమి.

వ్యాధి స్వరూపము

మెదడున పుట్టు కంతు లన్నియు నొక్క జాతివి కావు. మెదడును కప్పియుండు పొరలలో పుట్టి, మెల్లగా పెరిగి, కోసివేసిన తరువాత పెక్కుమందికి మరల రాని కంతులు కలవు. కావున "మెదడు కంతి" యను మాట వినినంతనే ఆశ వదలుకొనరాదు. మే మిప్పుడు చెప్పబోవునది వానిలో మిక్కిలి క్రూరమైనది. దానికి గ్లయోబ్లాస్టోమా యని పేరు. పెద్దవారికి మెదడులోనే పుట్టు క్యాన్సరులలో నిదియే యెక్కువగా కనబడునది. ఇట్టి కంతులకు వైద్యులు ఒకటి మొదలు నాలుగు వఱకు తరగతు లేర్పఱచి యున్నారు. ఇది నాలుగవ తరగతిలోనిది.

మన మెదడున ఆలోచనకును, చూపునకును, మాటకును, కదలికకును ఆధారమైన నాడీకణములు కలవు. వానిని నిలుపుచు, పోషించుచు, కాపాడుచు నుండు కణములు వేఱుగా నున్నవి. వీనికి గ్లియా కణములని పేరు. గ్లయోబ్లాస్టోమా కణములు చూచుటకు ఈ గ్లియా కణములను బోలియుండును. అమెరికా దేశమున హార్వే కుషింగ్, పెర్సివల్ బెయిలీ యను వైద్యు లిరువురు ఈ కుటుంబపు కంతులను సూక్ష్మదర్శినితో పరిశీలించి, 1926 లో వానిని తరగతులుగా విభజించి ప్రకటించిరి. నేటి విభజనకు అదియే మొదటి మెట్టు.

ఈ కంతికి స్పష్టమైన అంచు లేదు. పండులోని గింజవలె విడదీయుటకు వీలుగా నది యుండదు. మెత్తని నేలలో వేళ్లు పాకినట్లు దాని కణములు చుట్టునున్న మంచి మెదడులోనికి పాకిపోవును. శస్త్రవైద్యుని కంటికి కంతి కనబడు మేరకు మించి, కనబడని కణము లెంతో దూరము పోయి యుండును. మెదడు కాబట్టి, అనుమానము కలిగిన చోటెల్ల కోసివేయుటకు వీలులేదు. వేలికి పుండైనపుడు వేలు తీసివేసి ప్రాణము కాపాడవచ్చును. మాటలాడు శక్తికి ఆధారమైన చోటును కోసివేసిన యెడల రోగి బ్రతికియు మూగయగును.

ఈ వ్యాధిని నిర్మూలింప వలెనని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలకు చెందిన వాల్టర్ డాండీ యను శస్త్రవైద్యు డొక గొప్ప సాహసము చేసెను. మెదడు కుడిభాగమున కంతి పుట్టి, ఎడమ కాలు చేయి యప్పటికే పడిపోయిన కొందఱు రోగులకు, కంతిని మాత్రమే గాక మెదడు కుడి యర్ధగోళమునే తీసివేసెను. ఈ సంగతిని 1928 లో ప్రకటించెను. అంత చేసినను ఈ కంతి మరల తలయెత్తెను. సగము మెదడు తీసివేసినను పోని వ్యాధి, పథ్యములో నొక పూట కలిగిన తేడావలన వచ్చినదని యొక యిల్లాలిని నిందించుట యెంత యన్యాయమో చదువరులే యోచింతురు గాక.

నేటి చికిత్స

నేడు ఈ వ్యాధికి మూడు విధముల చికిత్స కలిపి చేయుదురు. మొదట, ప్రాణమునకును ముఖ్యశక్తులకును భంగము లేకుండ తీయగలిగినంత కంతిని శస్త్రచికిత్సచే తీసివేయుదురు. తరువాత ఇంచుమించుగా ఆఱు వారములు కిరణచికిత్స చేయుదురు. దానితోపాటును, దాని పిమ్మటను టెమొజోలొమైడ్ అను మందును నోట మ్రింగుట కిత్తురు. ఈ పద్ధతి 2005 లో స్థిరపడినది. రోజర్ స్టప్ అను వైద్యుడును, యూరపు, కెనడా దేశములలోని ఆయన సహచరులును 573 మంది రోగులను రెండు తెగలుగా జేసి పరిశీలించిరి. కిరణచికిత్స మాత్రమే పొందినవారిలో సగముమంది 12.1 నెలలకు మించి జీవించిరి. మందును కూడ పొందినవారిలో సగముమంది 14.6 నెలలకు మించి జీవించిరి. రెండు సంవత్సరములు దాటి జీవించినవారు మొదటి తెగలో నూటికి పదిమందియైన, రెండవ తెగలో నూటికి ఇరువదియాఱుగురు.

ఈ లెక్కలు చూచుట కల్పముగా నున్నను, రోగి యింట కొన్ని నెలల కాలము చిన్నది కాదు. ఒక బిడ్డ పరీక్ష ముగియుటకును, ఒక శుభకార్యము కన్నులార చూచుటకును అది చాలవచ్చును. ఈ లెక్కలు గుంపునకు సంబంధించినవి గాని, ఒక మనిషి ఆయువును కొలిచి చెప్పునవి కావని కూడ గుర్తుంచుకొనవలెను. అయినను, ఇంత చికిత్స చేసినను కంతి మరల వచ్చుట ఇంచుమించుగా అందఱి విషయమునను జరుగుచునే యున్నది. ఇట్లేల యగుచున్నది? కంతిలోని కణము లన్నియు నొక్క శక్తి గలవియేనా? లేక వానిలో కొన్నిమాత్రమే మరల మొలపించు శక్తి గలవియా? ఈ ప్రశ్నయే శాస్త్రజ్ఞులను మూలకణముల యొద్దకు నడిపించినది.

మూలకణములు

మన శరీరమున రక్తకణములును, చర్మకణములును, ప్రేగుల లోపలి పొర కణములును నిత్యము నశించుచు, క్రొత్తవి పుట్టుచుండును. ఇట్లు పుట్టించు శక్తి కణము లన్నింటికి లేదు. కొన్ని కణములకు మాత్రమే కలదు. అవి తమవంటి కణములను తాము పుట్టించుకొనును. పెరిగి వేర్వేరు పనులు చేయగల కణములను గూడ పుట్టించును. వీనినే మూలకణము లందురు. కెనడా దేశమున టొరంటో నగరమున జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్ అను శాస్త్రజ్ఞు లిరువురు ఎలుకలపై చేసిన ప్రయోగములను 1961 లో ప్రకటించి, ఎముకల మూలుగలో రక్తమునకు ఇట్టి మూలకణము లున్నవని చూపుటకు దారి తీసిరి. మెదడులో పుట్టుకతో వచ్చిన కణములే గాని క్రొత్తవి పుట్టవని చాలకాలము నమ్మిరి. కాని 1992 లో కెనడాలోనే కాల్గరీ నగరమున బ్రెంట్ రెనాల్డ్స్, సామ్యూల్ వైస్ అనువారు ఎదిగిన చిట్టెలుక మెదడునుండి కూడ ఇట్టి కణములను తీసి పెంచిరి.

ఆరోగ్యవంతమైన శరీరమున మూలకణములు మేలు చేయునవి. ఇదే శక్తి క్యాన్సరు కణములలో కొన్నింటికి చేకూడిన యెడల నేమగును? టొరంటోలోనే జాన్ డిక్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో నొకవిధమగు రక్తపు క్యాన్సరును పరీక్షించి, ఆ వ్యాధిని ఎలుకలలో మరల పుట్టింపగల కణములు మిక్కిలి కొద్దియే యని 1994 లో చూపెను. తక్కిన వెన్ని యున్నను వ్యాధి పుట్టలేదు.

మెదడు కంతి విషయమున ఈ సంగతిని స్పష్టపఱచినది కూడ టొరంటో నగరమే. అచటి పిల్లల వైద్యశాలలో పీటర్ డిర్క్స్ అను శస్త్రవైద్యుని ప్రయోగశాల కలదు. మెదడు శస్త్రవైద్యమున శిక్షణ పొందుచునే ఆ ప్రయోగశాలలో పరిశోధన సల్పిన యువతి షీలా సింగ్ గారు. శస్త్రచికిత్సలో తీసిన కంతులను ఆమెయు సహచరులును విడివిడి కణములుగా జేసి, పైభాగమున ఒక గుర్తు గలవానిని, గుర్తు లేనివానిని వేఱు పఱచిరి. ఆ గుర్తునకు సి.డి. 133 అని పేరు. తరువాత వానిని, రోగనిరోధకశక్తి లేని ఎలుకల మెదడులలో ప్రవేశపెట్టిరి. గుర్తు గల కణములు నూఱు మాత్రమే వేసినను కంతి పెరిగెను. అదియు రోగి తలలోని కంతిని పోలియే పెరిగెను. గుర్తు లేనివి లక్ష వేసినను కంతి పుట్టలేదు. ఈ సంగతి 2004 లో ప్రకటితమైనది.

మన వంటయింటి మాటలో చెప్పవలెనన్న, తోడు వంటిది ఈ కణము. కుండెడు పాలను పెరుగు చేయుటకు తోడు చుక్క చాలును. తోడులో ప్రాణము లేనప్పుడు గిన్నెడు పోసినను పాలు తోడుకొనవు. కంతి యంతటిలోను తోడువంటి కణములు కొన్ని కలవనియు, అవి మిగిలిన యెడల తక్కినదంతయు పోయినను కంతి మరల పుట్టగలదనియు దీనివలన తెలిసినది.

చికిత్సకు లొంగకుండుట

ఆ కణములు మిగులుటకు కారణమేమి? ఉత్తర కారొలీనా రాష్ట్రమున డ్యూక్ విశ్వవిద్యాలయమునందు షిడెంగ్ బావో, జెరెమీ రిచ్ అనువారును సహచరులును దీనిని పరిశీలించి 2006 లో ప్రకటించిరి. కిరణచికిత్స చేయుట యనగా కణము లోపలి డి.ఎన్.ఏ. అను వంశసూత్రమును త్రెంచుట. సామాన్యమైన కంతికణము ఆ గాయమునకు చచ్చును. మూలకణగుణము గలది అటుగాక, తన విభజనను కొంత నిలిపి, తెగిన సూత్రమును త్వరగా బాగుచేసికొని, మరల పనికి పూనుకొనును. అందుచేత కిరణచికిత్స తరువాత మిగిలిన కణములలో ఇట్టివాని పాలు హెచ్చుగా నుండెను. గాయమును బాగుచేసికొను నేర్పును మందుచే అడ్డగించినపుడు అవియు కిరణములకు లొంగినవి.

మందు విషయమున 2012 లో మఱియొక సంగతి తెలిసినది. టెక్సస్ రాష్ట్రమున డల్లసు నగరమునందు లూయీ పరాడా గారును సహచరులును గ్లయోబ్లాస్టోమా గల చిట్టెలుకలకు టెమొజోలొమైడ్ ఇచ్చిరి. ఈ మందు విభజన చెందుచున్న కణములను చంపును. కంతిలో కొన్ని కణములు విభజన లేక నిద్రించుచున్నట్లుండెను. మందు వానిని తాకలేదు. మందు నిలిపిన తరువాత అవి మేలుకొని కంతిని మరల పెంచెను. ఆ నిద్రించు కణములను వేఱొక యుపాయముచే నశింపజేసినపుడు కంతి పెరుగుదల ఆగెను.

ఈ కణములు వసించు చోటు కూడ వానికి రక్షణ యిచ్చును. మెంఫిస్ నగరమున సెయింట్ జూడ్ పిల్లల వైద్యశాలయందు రిచర్డ్ గిల్బర్ట్‌సన్ గారును సహచరులును, ఇవి కంతిలోని సన్నని రక్తనాళముల ప్రక్కనే చేరి, వానినుండి పోషణ పొందునని 2007 లో చూపిరి.

తోటలో తుంగను పెఱికినవారికి ఈ సంగతి వేఱుగ చెప్ప నక్కఱలేదు. పైపోచలను ఎన్ని మాఱులు పెఱికినను, మట్టిలో నొక తుంగముస్తె మిగిలిన చాలును, వాన పడినంతనే మరల మొలచును. పెఱికిన చేతిది తప్పు కాదు. నీరు పోసిన చేతిది తప్పు కాదు. లోతున నున్న గడ్డది ఆ గుణము.

ఇంకను తేలని సంగతులు

అట్లయిన ఆ కణములను మాత్రమే ఎంచి చంపు మందు కనిపెట్టిన చాలును గదా యని చదువరు లనవచ్చును. శాస్త్రజ్ఞులును మొదట అట్లే తలచిరి. కాని పని అంత సుళువుగా లేదు. సి.డి. 133 గుర్తు లేని కణములు కూడ కొన్ని కంతులలో మరల కంతిని పుట్టింపగలవని 2007 నుండి ఇతర పరిశోధకులు చూపిరి. కావున ఆ గుర్తు ఒక్కటియే నమ్మదగినది కాదు. 2019 లో మారియో సువా గారును సహచరులును, రోగుల కంతులలోని కణముల నొక్కొక్కదానిని వేఱుగా చదివి, అవి ముఖ్యముగా నాలుగు స్థితులలో నుండుననియు, ఒక స్థితినుండి మఱియొక స్థితికి మాఱగలవనియు ప్రకటించిరి. అనగా మూలకణగుణము కొన్ని కణములకు పుట్టుకతో వచ్చిన పదవి మాత్రమే కాదు. అవసరము కలిగినపుడు ఇతర కణములును ఆ గుణమును పొందవచ్చును. ఇచట మా తుంగ పోలిక చాలదు. త్రెంచి పాఱవేసిన పోచయే మరల గడ్డగా మాఱిన యెడల రైతు ఏమి చేయగలడు? వైద్యుల కష్టము ఇట్టిది. అందుచేతనే ఈ కణములను మాత్రమే నిర్మూలించు మందేదియు ఈ వ్యాధికి చికిత్సగా ఇంకను స్థిరపడలేదు.

కంతి మొదట ఎచట పుట్టుననుటను గూర్చి కూడ కొంత వెలుగు కలిగినది. మెదడు లోపల నీరు నిలుచు గదుల యంచున మూలకణములు వసించు చోటొకటి కలదు. దక్షిణ కొరియా శాస్త్రజ్ఞులు 2018 లో ప్రకటించిన పరిశోధనలో, పరీక్షింపబడిన గ్లయోబ్లాస్టోమా రోగులలో సగమునకు పైగా, కంతికి దూరముగా నున్న ఆ చోటి కణములలోనే కంతిలోని మార్పులు కొన్ని కనబడెను. కనబడిన కంతి యొకచోట నుండగా, దాని పుట్టిల్లు మఱియొకచోట నుండవచ్చునన్నమాట.

ఇంటివారు తెలిసికొనవలసినవి

మొదటిది. ఈ వ్యాధి అంటు కాదు. ఒకే కంచమున తినినను, ప్రక్కన పరుండినను సోకదు. చిన్ననాడో మఱియెపుడో తలకు హెచ్చుమోతాదులో కిరణచికిత్స జరిగినవారిలో కొందఱికిని, అరుదైన కొన్ని వంశపారంపర్య దోషములు గలవారికిని ఇది వచ్చుట కలదు. అత్యధికసంఖ్యాకులకు కారణ మిదియని చూపుటకు వీలులేదు. వంటవలన, స్నానమువలన, కోపతాపములవలన ఇది పుట్టదు. మరల వచ్చుటయు వానివలన కాదు.

రెండవది. లక్షణములను గుర్తింపవలెను. ఉదయమున హెచ్చుగా నుండి నానాటికి ముదురు తలనొప్పి, దానితో వాంతులు, ఎన్నడును లేని వయసువచ్చినవానికి మూర్ఛలు వచ్చుట, ఒకవైపు కాలు చేయి బలహీనమగుట, తెలిసిన మాట నోటికి రాకుండుట, నెమ్మదిగల మనిషి స్వభావము మాఱుట, ఇవి కనబడిన యెడల గాలి సోకినదని భూతవైద్యునికడ కాలము గడపక వైద్యుని జూడవలెను. తలనొప్పి వచ్చిన ప్రతివారికిని కంతి యుండదు. అందులకై భయపడ నవసరము లేదు.

మూడవది. చికిత్సలో వైద్యులు మెదడు వాపు తగ్గుటకు డెక్సామెథసోన్ వంటి మందును, మూర్ఛలు రాకుండ వేఱు మందులను ఇత్తురు. రోగి కొంచెము తేఱుకొనగానే వీనిని తమంతట తాము మానిపింపరాదు. డెక్సామెథసోన్ తటాలున మానుట ప్రమాదము. దానివలన ఆకలి హెచ్చుట, రక్తమున చక్కెర పెరుగుట కలుగును. అది గృహిణి వంటలో దోషము కాదు. వైద్యులు చెప్పిన గడువులకు ఎం.ఆర్.ఐ. చిత్రములు తీయించుటయు మానరాదు.

నాలుగవది మిక్కిలి ముఖ్యము. "మూలకణములతో అన్ని రోగములు కుదుర్తుము" అను ప్రకటనలు చూచి మోసపోరాదు. ఈ వ్యాసమున మేము చెప్పిన మూలకణములు వ్యాధికి వేరైనవి. ప్రకటనలలో అమ్మజూపునవి వేఱు. పేరు కలిసినంత మాత్రమున పని కలియదు. రక్తసంబంధమైన కొన్ని వ్యాధులకు మూలుగను మార్చి చేయు చికిత్స స్థిరమైనది. అంతకు మించి మూలకణములను వాడుట పరిశోధనగానే జరుగవలెననియు, దానికి రోగివద్ద ద్రవ్యము గైకొనరాదనియు భారత వైద్యపరిశోధన మండలివారు 2017 లో ప్రకటించిన నియమములలో కలదు. ఆభరణములు తాకట్టు పెట్టి ఇట్టివారి చేతిలో పోయు కుటుంబము రోగిని దక్కించుకొనదు. రోగి పోయిన పిమ్మట బ్రతుకవలసినవారి కూటిని గూడ పోగొట్టుకొనును.

కడపటిది. వ్యాధి మరల వచ్చినదని తెలిసినపుడు రోగియొద్ద దాచుటయే ప్రేమయని పలువురు తలంతురు. తెలియగోరిన రోగికి మెల్లగా, నిజముగా చెప్పుటయే మేలు. మాట నిలుకడగా నున్నపుడే ఆ మనిషి బిడ్డలకు చెప్పదలచినది చెప్పుకొనును, ఆస్తి పాస్తులు చక్కబెట్టుకొనును, చూడదలచినవారిని చూచును. మాట పోయిన పిమ్మట ఆ యవకాశము రాదు. నొప్పిని, వాంతిని, మూర్ఛను తగ్గించి సుఖముగా నుంచు వైద్యము చివరివఱకు కలదు. "ఇక చేయునది లేదు" అను మాట సరికాదు.

రోగికి పరిచర్య చేయు స్త్రీకి రాత్రి నిద్రయు, పూటకు అన్నమును, ఒక గంట విశ్రాంతియు ఇచ్చుట ఆ యింటి తక్కినవారి విధి. షీలా సింగ్ గారు నేడు హామిల్టన్ నగరమున మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమునందు పిల్లల మెదడు శస్త్రవైద్యురాలుగా నుండుచు, ఈ కణములను గెలుచు మార్గముకొఱకు పరిశోధన సాగించుచున్నారు. అట్టివారి పని ఫలించునందాక మన యిండ్లలో మనము చేయగలిగిన పని యొకటి కలదు. కంతి మరల కనబడిన దినమున, "ఎవరివలన వచ్చినది?" అని యడుగుట మాని, రోగి మంచము ప్రక్కన ఎవ రెపుడు కూర్చుండవలెనో వంతులు వేసికొందుము గాక.